2.05 మైక్రాన్ల కార్బన్ డయాక్సైడ్ లైడార్‌కు రిసీవర్: బెంచ్ డైరీ

లేజర్ పల్సులు పంపి, తగిలి తిరిగొచ్చే వెలుగుతో గాలిని కొలిచే పరికరం లైడార్. తిరిగొచ్చిన వెలుగును పట్టే భాగం రిసీవర్. ఈ రిసీవర్ చేయాల్సిన పనిని ఒక్క అంకెలో చెప్పొచ్చు. రెండు లేజర్ పల్సుల నిష్పత్తిని 0.35 శాతం లోపు తేడాతో కొలవాలి. కింద తీసుకున్న నిర్ణయాలన్నీ ఈ అంకె నుంచే వచ్చాయి కాబట్టి, అది ఎలా వచ్చిందో ముందు రాసి పెడుతున్నాం.

మేం వాడే పద్ధతిని ఐపీడీఏ (ఇంటిగ్రేటెడ్ పాత్ డిఫరెన్షియల్ అబ్సార్ప్షన్) అంటారు. ఒక పల్సును కార్బన్ డయాక్సైడ్ గట్టిగా పీల్చుకునే తరంగదైర్ఘ్యం మీద పంపుతాం. అది ఆన్. రెండోదాన్ని దాదాపు పీల్చుకోని చోట పంపుతాం. అది ఆఫ్. రెండూ నేలకో గోడకో చెట్ల వరుసకో తగిలి వెనక్కి వస్తాయి. రెంటి నిష్పత్తికి లాగరిథమ్ తీస్తే దారి పొడవునా ఉన్న వాయువు మొత్తం తెలుస్తుంది. వాయువు గట్టిగా పీల్చుకునే సన్నని తరంగదైర్ఘ్యాన్ని శోషణ గీత అంటారు. మేం ఎంచుకున్న గీత పేరు ఆర్30, అంటే 2050.97 నానోమీటర్లు. నాసా లాంగ్లీ కేంద్రం తన 2 మైక్రాన్ల లైడార్లకు ఎంచుకున్నది కూడా ఇదే. నీటి ఆవిరి గీతలు ఇక్కడ అంతగా అడ్డు రావు.

సముద్రమట్టం దగ్గర 420 పీపీఎం (పది లక్షల అణువుల్లో 420) ఉన్న గాలిలో, ఈ గీత నడిమధ్యన కిలోమీటరుకు ఆప్టికల్ డెప్త్, అంటే దారిలో వెలుగు ఎంత పోతుందో చెప్పే లాగరిథమ్ కొలత, సుమారు 0.73. లక్ష్యం కిలోమీటరు దూరంలో ఉంటే పోయి రావడానికి 1.46. అంటే ఆఫ్ పల్సు 100 వంతులు తిరిగొస్తే ఆన్ పల్సు 23 వంతులే వస్తుంది. 420లో 1 పీపీఎం అంటే 0.24 శాతం. 1.46లో 0.24 శాతం 0.0035. నిష్పత్తిలో 0.35 శాతం తేడా వస్తే సమాధానంలో 1 పీపీఎం తేడా వచ్చినట్టే. ఉపగ్రహాల నుంచి కొలిచేవాళ్లు కూడా ఈ 1 పీపీఎం కోసమే ఇంత కష్టపడతారు. ఒక నగరం మీద గాని, ఒక అడవి మీద గాని గాలి నిలువు మొత్తంలో కనిపించే తేడాలు కొద్ది పీపీఎంలే.

1.57 మైక్రాన్ల దగ్గర మంచి గీతలు ఉండగా 2.05 ఎందుకన్నది సరైన ప్రశ్నే. 2022 ఏప్రిల్‌లో చైనా పంపిన డీక్యూ-1 ఉపగ్రహంలోని లైడార్ 1.572 మైక్రాన్ల మీదే పనిచేస్తుంది. అక్కడ టెలికాం రంగం నుంచి వచ్చిన ఫైబర్ ఆంప్లిఫయర్లు, చౌకైన డిటెక్టర్లు దొరుకుతాయి. 2.05 దగ్గర గీతలు దాదాపు పది రెట్లు బలమైనవి. గీత నడిమధ్య నుంచి కొంచెం పక్కకు జరిగి, పీడనం ఎక్కువగా ఉండే నేల దగ్గరి గాలికి ఎక్కువ బరువు ఇచ్చేలా ట్యూన్ చేసుకునే వీలు ఇక్కడ బాగా ఉంటుంది. వాయువును విడిచేదీ పీల్చేదీ నేల దగ్గరే కాబట్టి మాకు అది ముఖ్యం. అందుకు చెల్లించే మూల్యం డిటెక్టర్ దగ్గర పడుతుంది. తిరుపతి దగ్గర గాదంకిలో ఉన్న జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల లైడార్ 532 నానోమీటర్ల ఆకుపచ్చ వెలుగు మీద నడుస్తుంది. ఆ వెలుగుకు ఫోటోమల్టిప్లయర్ ట్యూబు పెడితే ఒక్కో ఫోటాన్‌నూ లెక్కపెట్టొచ్చు. 2.05 మైక్రాన్ల ఫోటాన్ శక్తి 0.605 ఎలక్ట్రాన్ వోల్టులు మాత్రమే. అది ఆ ట్యూబు లోపల వెలుగు పడే పొర, అంటే ఫోటోకాథోడ్ నుంచి ఎలక్ట్రాన్‌ను బయటికి లాగలేదు.

ఎంత వెలుగు వస్తుంది

డిటెక్టర్ కేటలాగు తెరిచే ముందు చేయాల్సిన లెక్క ఇది. విమానం నుంచి కొలిచే ఒక లైడార్‌ను ఊహించుకుందాం. పల్సు శక్తి 50 మిల్లీజౌళ్లు, వెడల్పు 200 నానోసెకన్లు, ఎత్తు 6 కిలోమీటర్లు, టెలిస్కోపు 40 సెంటీమీటర్లు, నేల పరావర్తనం 10 శాతం. పల్సు శిఖరం దగ్గర 250 కిలోవాట్లు. తిరిగి టెలిస్కోపులోకి వచ్చేది 28 మైక్రోవాట్లు. అద్దాల్లో సగం పోయి, గాలి పీల్చుకున్నది కూడా పోతే డిటెక్టర్ మీద పడేది సుమారు 5 మైక్రోవాట్లు.

అదే లేజర్‌తో నేల నుంచి కాకుండా గాలిలోని ధూళి నుంచి వచ్చే వెలుగును చూస్తే, 2 కిలోమీటర్ల దూరం నుంచి పది నానోవాట్లు రావడం కూడా కష్టమే. ఈ రెండు పనుల మధ్య సుమారు వెయ్యి రెట్ల తేడా ఉంది. రెండింటికీ ఒకే డిటెక్టర్ చాలదు. ప్రస్తుతం బెంచ్ మీద ఉన్నది మొదటి పనికి, అంటే మైక్రోవాట్లకు.

డిటెక్టర్ ఎంపిక

సిలికాన్ 1.1 మైక్రాన్ల దగ్గరే ఆగిపోతుంది. మామూలు ఇన్‌గ్యాస్, అంటే ఇండియం ఫాస్ఫైడ్ మీద 53 శాతం ఇండియంతో పెంచిన ఇండియం గాలియం ఆర్సెనైడ్, 1.7 దగ్గర ఆగుతుంది. ఇండియం వాటా పెంచితే బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్ కదలడానికి ఫోటాన్ ఇవ్వాల్సిన కనీస శక్తి) తగ్గి 2.2 దాకా, 2.6 దాకా వెళ్లొచ్చు. దీన్నే ఎక్స్‌టెండెడ్ ఇన్‌గ్యాస్ అంటారు. ఇండియం పెరిగితే స్ఫటికం అమరిక కింది పొరతో సరిపడదు. ఆ ఒత్తిడికి లోపాలు పుడతాయి, లోపాల గుండా డార్క్ కరెంట్, అంటే వెలుగు లేకున్నా పారే కరెంట్, కారుతుంది. కటాఫ్, అంటే డిటెక్టర్ చూడగల ఆఖరి తరంగదైర్ఘ్యం, ఎంత దూరం జరిగితే కారుడు అంత ఎక్కువ. కాబట్టి అవసరానికి మించిన కటాఫ్ కొనకూడదు.

మరీ తక్కువ కటాఫ్ కూడా పనికిరాదు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. 2.1 మైక్రాన్ల కటాఫ్ ఉన్న డిటెక్టర్ 2.05కు సరిగ్గా సరిపోతుందని కేటలాగు చూస్తే అనిపిస్తుంది. కానీ ఆ అంకె 25 డిగ్రీల దగ్గరిది. చల్లబరిస్తే బ్యాండ్ గ్యాప్ డిగ్రీకి సుమారు 0.3 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టు చొప్పున పెరుగుతుంది. మైనస్ 20కి తీసుకెళ్తే 45 డిగ్రీల తేడా, అంటే 13 లేదా 14 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు. 2.1 కాస్తా 2.05 అవుతుంది. మన లేజర్ సరిగ్గా అంచు మీద పడుతుంది. అంచు మీద స్పందన తక్కువ. అంతకన్నా చెడ్డ సంగతి, ఉష్ణోగ్రత కాస్త కదిలినా స్పందన మారుతుంది. 2.2 కటాఫ్ ఉన్నది చల్లబడ్డాక 2.15 దగ్గర నిలుస్తుంది. మేం తీసుకున్నది అదే. 0.3 మిల్లీమీటర్ల వ్యాసం, కరెంట్ పంపితే చల్లబరిచే రెండంచెల పెల్టియర్ కూలర్, టీఓ-8 రకం లోహపు డబ్బా, లోపల ఉష్ణోగ్రత కొలిచే థర్మిస్టర్. క్వాంటమ్ ఎఫిషియెన్సీ (పడిన ఫోటాన్లలో కరెంట్‌గా మారే వాటా) 75 శాతం అనుకుంటే 2.05 దగ్గర స్పందన వాటుకు 1.24 ఆంపియర్లు. లెక్కల్లో 1.2 వేసుకున్నాం.

1 మిల్లీమీటర్ డిటెక్టర్ తీసుకుంటే వెలుగును గురిపెట్టడం సులువు కదా అన్న వాదనకు కింద ఆంప్లిఫయర్ భాగంలో జవాబు ఉంది.

ఆంటిమొనైడ్ ఫోటోట్రాన్సిస్టర్లను కూడా ఈ పనికి పరిశీలించడం న్యాయమే. నాసా లాంగ్లీలో 2 మైక్రాన్ల లైడార్ కోసం వాటిని పరీక్షించారు. లోపలే గెయిన్, అంటే సిగ్నల్ పెంపు, వస్తుంది, అది పెద్ద ఆకర్షణ. అయితే ఆ గెయిన్ బయాస్‌తో, అంటే డిటెక్టర్‌కు ఇచ్చే వోల్టేజితో, ఉష్ణోగ్రతతో మారుతుంది. పల్సు తర్వాత తేరుకోవడం కూడా నెమ్మదే. 0.35 శాతం నిష్పత్తి కావాల్సిన చోట మాకు ధైర్యం చాలలేదు.

చల్లబరచడం

డిటెక్టర్ ఎంత కారుతుందో చెప్పేది దాని సొంత నిరోధం, అంటే షంట్ రెసిస్టెన్స్. దాన్ని 10 మిల్లీవోల్టుల దగ్గర కొలవాలి. మామూలు మల్టీమీటర్ ఓం రేంజిలో పెట్టి కొలిస్తే అది నెట్టే కరెంట్‌కు డయోడ్ ఫార్వర్డ్ వైపు తెరుచుకుని అర్థం లేని అంకె చూపిస్తుంది. మా డిటెక్టర్‌కు 25 డిగ్రీల దగ్గర సుమారు 60 కిలోఓంలు, మైనస్ 20 దగ్గర 1.3 మెగాఓంలు వచ్చాయి. పది డిగ్రీలకు ఒకసారి రెట్టింపు అన్న లెక్కకు ఇది సరిపోయింది.

కూలర్‌తో వచ్చే ఇబ్బందులు మూడు. మొదటిది మన వేసవి. గది 38 డిగ్రీలుంటే మైనస్ 20కి 58 డిగ్రీల తేడా కావాలి. రెండంచెల కూలర్ ఆ తేడా ఇవ్వగలదు, కానీ వేడి వైపు హీట్‌సింక్ బలంగా ఉండాలి. హీట్‌సింక్ వేడెక్కితే కూలర్ మరింత కరెంట్ అడుగుతుంది, దాంతో హీట్‌సింక్ ఇంకా వేడెక్కుతుంది. ఈ సుడిలో పడితే ఉష్ణోగ్రత అదుపు తప్పి పైకి పోతుంది. డబ్బాకూ హీట్‌సింక్‌కూ మధ్య థర్మల్ పేస్టు పలుచగా, పూర్తిగా పరుచుకోవాలి. ఫ్యాన్‌ను డిటెక్టర్ ఉన్న పలక మీద బిగించకూడదు. అదురు నేరుగా ఆప్టిక్స్‌లోకి వస్తుంది.

రెండోది కంట్రోలర్. మార్కెట్లో సులువుగా దొరికే పెల్టియర్ కంట్రోలర్లు కరెంట్‌ను ముక్కలుగా కోసి పంపే పీడబ్ల్యూఎం రకం. కూలర్ తీగలు డిటెక్టర్ తీగలకు రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో ఉంటాయి. ఆ స్విచింగ్ అంతా ఆంప్లిఫయర్ అవుట్‌పుట్‌లో ముళ్లలా కనిపిస్తుంది. లీనియర్ డ్రైవర్ పెట్టాలి. వేడి ఎక్కువైనా సరే, వేరే దారి లేదు.

మూడోది సీలు. డబ్బా లోపల పొడి వాయువు ఉన్నంతవరకు మంచు పట్టదు, కిటికీ గది ఉష్ణోగ్రతలోనే ఉంటుంది. పిన్నులు సోల్డర్ చేసేటప్పుడు ఎక్కువసేపు వేడి పెడితే గాజు సీలు పగులుతుంది. అప్పుడు లోపలికి చేరిన తేమ చిప్ మీదే గడ్డకడుతుంది. చల్లబరచిన గంటలోపు స్పందన మెల్లగా పడిపోతుంటే ముందు అనుమానించాల్సింది ఇదే. పిన్నులను డబ్బాకు దగ్గరగా పట్టుకారుతో పట్టుకుని, ఒక్కో పిన్నుకూ మూడు సెకన్లు మించకుండా సోల్డర్ చేయడం క్షేమం.

ఆంప్లిఫయర్

డిటెక్టర్ కరెంట్‌ను వోల్టేజిగా మార్చే ట్రాన్సిమ్పిడెన్స్ ఆంప్లిఫయర్‌కు ఓపీఏ818 చిప్ తీసుకున్నాం. గెయిన్ బ్యాండ్‌విడ్త్ 2.7 గిగాహెర్ట్జ్, వోల్టేజి నాయిస్ రూట్ హెర్ట్జ్‌కు 2.2 నానోవోల్టులు, ఇన్‌పుట్ జేఫెట్ రకం ట్రాన్సిస్టర్ కాబట్టి కరెంట్ నాయిస్ లెక్కలోకి రాదు. ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ 10 కిలోఓంలు. డిటెక్టర్‌కు అర వోల్టు రివర్స్ బయాస్. ప్యాకేజితో కలిపి దాని కెపాసిటెన్స్ 40 పికోఫారడ్లు, ఆంప్లిఫయర్ ఇన్‌పుట్, బోర్డు కలిపి మరో 5. మొత్తం 45.

ఈ అంకెలతో స్పందన ఎక్కడా ఉబ్బకుండా చదునుగా ఉండటానికి కావాల్సిన ఫీడ్‌బ్యాక్ కెపాసిటర్ 0.73 పికోఫారడ్లు, బ్యాండ్‌విడ్త్ 31 మెగాహెర్ట్జ్. 200 నానోసెకన్ల పల్సుకు అంత అక్కర్లేదు. 1 పికోఫారడ్ సీ0జీ రకం (ఉష్ణోగ్రతతో దాదాపు మారని) కెపాసిటర్ పెడితే 16 మెగాహెర్ట్జ్ వస్తుంది, పల్సు అంచున ఎగుడుదిగుడులు ఉండవు. నిష్పత్తి కొలిచే చోట అంచు సాఫీగా ఉండటం వేగం కన్నా ముఖ్యం.

ఇప్పుడు నాయిస్. డిటెక్టర్ షంట్ రెసిస్టెన్స్ వల్ల వచ్చేది రూట్ హెర్ట్జ్‌కు 0.1 పికోఆంపియర్. 10 కిలోఓంల రెసిస్టర్ వల్ల 1.3. ఆంప్లిఫయర్ వోల్టేజి నాయిస్ 45 పికోఫారడ్ల మీద పని చేయడం వల్ల వచ్చేది, 10 మెగాహెర్ట్జ్ వరకు సగటున 3.6. మొత్తం 3.8. కేటలాగులో మొదటి వరుసలో అచ్చయ్యే డిటెక్టర్ నాయిస్ ఇందులో సుమారు నలభయ్యో వంతే! నిర్ణయించేది కెపాసిటెన్స్. 1 మిల్లీమీటర్ డిటెక్టర్ విస్తీర్ణం 11 రెట్లు, కెపాసిటెన్స్ కూడా దాదాపు అంతే పెరుగుతుంది. నాయిస్ దాదాపు పది రెట్లవుతుంది. చిన్న డిటెక్టర్ తీసుకుని ఆప్టిక్స్ దగ్గర ఓపిక పట్టడానికి కారణం ఇదే. మైనస్ 20 కన్నా కిందికి చల్లబరచడం వల్ల ఈ పనిలో లాభం లేకపోవడానికి కూడా ఇదే కారణం. చల్లదనం ఇక్కడ స్థిరత్వం కోసం. డార్క్ కరెంట్ తక్కువగా, కదలకుండా ఉంచడానికి.

మొత్తం మీద 10 మెగాహెర్ట్జ్‌లో 12 నానోఆంపియర్లు, అంటే వెలుగులో 10 నానోవాట్లు. బెంచ్ మీద కొలిస్తే 14 నానోఆంపియర్లు వచ్చింది. మిగతాది పవర్ సప్లై నుంచి వస్తోంది.

బోర్డు గురించి. డిటెక్టర్ పిన్ను నుంచి ఆంప్లిఫయర్ ఇన్‌పుట్ వరకు 5 మిల్లీమీటర్లు దాటనీయవద్దు. ఆ తీగ కింద, ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ కింద గ్రౌండ్ రాగిని పూర్తిగా తీసేయాలి. అక్కడ రాగి ఉంటే అర పికోఫారడ్ అదనంగా చేరి పై లెక్క అంతా మారిపోతుంది. బయాస్ సప్లైకి 1 కిలోఓం, 100 నానోఫారడ్ ఫిల్టర్. ఓపీఏ818 ఏడు రెట్ల కన్నా తక్కువ నాయిస్ గెయిన్ దగ్గర స్థిరంగా ఉండదు. అధిక పౌనఃపున్యాల దగ్గర ఆ గెయిన్ మొత్తం కెపాసిటెన్స్‌ను ఫీడ్‌బ్యాక్ కెపాసిటర్‌తో భాగించి ఒకటి కలిపినంత, అంటే ఇక్కడ 46. డిటెక్టర్ ఊడదీసి ఖాళీ బోర్డును పరీక్షిస్తే మాత్రం ఇన్‌పుట్ దగ్గర 5 పికోఫారడ్లే మిగులుతాయి, గెయిన్ 6కు పడి ఆంప్లిఫయర్ ఊగిపోతుంది. అది బోర్డు లోపం కాదు. డిటెక్టర్ బదులు 39 పికోఫారడ్ కెపాసిటర్ సోల్డర్ చేసి పరీక్షించాలి.

సగటు తీస్తే పోనిది

5 మైక్రోవాట్ల ఆఫ్ పల్సు 6 మైక్రోఆంపియర్లు ఇస్తుంది. కరెంట్ ఎలక్ట్రాన్ల ముక్కలుగా రావడం వల్ల పుట్టే షాట్ నాయిస్ కూడా కలిపితే సిగ్నల్ నాయిస్‌కు 465 రెట్లు. పైన వేసిన కిలోమీటరు లెక్క ప్రకారం ఆన్ పల్సు అందులో 23 శాతం అనుకుంటే, దానికి 113 రెట్లు. ఒక్క జతతో నిష్పత్తిలో సుమారు 0.9 శాతం అనిశ్చితి, అంటే రెండున్నర పీపీఎం. వంద జతల సగటు తీస్తే పావు పీపీఎం. నాయిస్ సంగతి ఇక్కడితో అయిపోయింది. మా దృష్టిలో ఈ ప్రాజెక్టు అసలు పని ఇక్కడే మొదలవుతుంది.

ఆన్, ఆఫ్ రెంటికీ ఒకే చిన్న మొత్తం కలిసిందనుకోండి. ఆఫ్ ఎత్తులో 0.1 శాతం అంత. అది ఆఫ్‌ను 0.1 శాతమే మారుస్తుంది. ఆన్ నాలుగో వంతు కన్నా చిన్నది కాబట్టి దాన్ని 0.43 శాతం మారుస్తుంది. నిష్పత్తిలో 0.33 శాతం తేడా. దాదాపు 1 పీపీఎం పూర్తిగా అక్కడే పోయింది. వంద జతలు కాదు, లక్ష జతల సగటు తీసినా అది అలాగే ఉంటుంది. కాబట్టి వెతకాల్సింది పల్సుతో పాటు వచ్చి కలిసే వాటిని. మాకు దొరికినవి నాలుగు.

అన్నిటికన్నా మోసకారి అకౌస్టో ఆప్టిక్ మాడ్యులేటర్ (స్ఫటికంలో ధ్వని తరంగంతో వెలుగును తెరిచి మూసే పరికరం) డ్రైవర్. బెంచ్ మీద పల్సులు చేసే పద్ధతి ఇది. 2051 నానోమీటర్ల డీఎఫ్‌బీ రకం (ఒకే సన్నని తరంగదైర్ఘ్యం ఇచ్చే) లేజర్ డయోడ్‌ను ఆగకుండా వెలిగించి, మాడ్యులేటర్‌తో ముక్కలు చేస్తాం. డయోడ్ కరెంట్‌నే పల్సుగా ఇస్తే తరంగదైర్ఘ్యం జారిపోయి ఆన్ పల్సు గీత మీద నిలవదు, అందుకని ఈ ఏర్పాటు. మాడ్యులేటర్‌కు పదుల మెగాహెర్ట్జ్ రేడియో శక్తి వాట్లలో కావాలి, అదీ పల్సు ఉన్నంతసేపే. ఆ రేడియో తరంగం ఆంప్లిఫయర్ ఇన్‌పుట్‌లో దూరి, అక్కడ రెక్టిఫై అయి, చిన్న ఎత్తుగా మారుతుంది. పల్సుతో పాటే మొదలై పల్సుతో పాటే ఆగుతుంది కాబట్టి స్కోపు మీద చూస్తే సిగ్నల్‌లాగే ఉంటుంది. పరీక్ష తేలికే. డిటెక్టర్ ముందు నల్లటి లోహపు పలక అడ్డుపెట్టి, మాడ్యులేటర్ నడుస్తుండగానే వెయ్యి పల్సుల సగటు తీయాలి. గీత బల్లపరుపుగా లేకపోతే దొంగ దొరికినట్టే. డ్రైవర్‌ను వేరే లోహపు పెట్టెలో పెట్టి, దానికి వేరే పవర్ సప్లై ఇచ్చి, కేబుల్ రెండు చివరలా ఫెర్రైట్ రింగులు తొడిగితే అది కనిపించకుండా పోయింది.

రెండోది దగ్గరి మెరుపు. లేజర్ బయటికి పోయేటప్పుడు సొంత అద్దాల నుంచి చెదిరిన వెలుగు డిటెక్టర్ మీద పడుతుంది. కిలోమీటరు దూరం నుంచి వచ్చే సిగ్నల్ 6.67 మైక్రోసెకన్ల తర్వాత వస్తుంది కాబట్టి కాలంలో అవి వేరువేరు. కానీ ఆంప్లిఫయర్ తర్వాత 1 మైక్రోఫారడ్ కప్లింగ్ కెపాసిటర్, 50 ఓంల లోడ్ ఉంటే కాల స్థిరాంకం 50 మైక్రోసెకన్లు. 200 నానోసెకన్ల మెరుపు తర్వాత బేస్‌లైన్ మెరుపు ఎత్తులో 0.4 శాతం కిందికి దిగి మెల్లగా పైకి వస్తుంది. మెరుపు సిగ్నల్‌కు వంద రెట్లుంటే ఆ దిగుడు సిగ్నల్‌లో 40 శాతం! మొదటి నుంచి చివరి దాకా డీసీ కప్లింగ్, అంటే దారిలో కెపాసిటర్ లేకుండా, ఉంచడమే మందు. బేస్‌లైన్‌ను సిగ్నల్‌కు రెండు మైక్రోసెకన్ల ముందు, రెండు మైక్రోసెకన్ల తర్వాత కొలిచి, మధ్యకు గీత గీసి తీసేయాలి. దీనితో పాటు లేజర్ బయటికి పోయే దారికీ టెలిస్కోపుకూ మధ్య నల్లరంగు పూసిన అడ్డుగోడ కట్టాలి.

మూడోది డిటెక్టర్ తోక. వెలుగు చురుకైన ప్రాంతం అంచు దాటి పడితే, అక్కడ పుట్టిన ఎలక్ట్రాన్లు విద్యుత్ క్షేత్రం లేని చోట నుంచి మెల్లగా నడిచి వస్తాయి. పల్సు వెనక మైక్రోసెకన్ల కొద్దీ సన్నని తోక మిగులుతుంది. చుక్కను 0.3 మిల్లీమీటర్లలో సగానికి, నడిమధ్యకు పరిమితం చేయాలి. అర వోల్టు రివర్స్ బయాస్ కూడా తోకను కుదిస్తుంది. మైనస్ 20 దగ్గర ఆ బయాస్‌కు డార్క్ కరెంట్ 100 నానోఆంపియర్ల స్థాయిలో ఉంటుంది. దాని షాట్ నాయిస్ పై లెక్క ముందు లెక్కలోకి రాదు.

నాలుగోది లీనియారిటీ, అంటే వెలుగు ఎన్ని రెట్లయితే సిగ్నల్ కూడా సరిగ్గా అన్ని రెట్లు కావడం. దీన్ని ఫిల్టర్లతో పరీక్షించడం పనికిరాదు. గాజులో రంగు కలిపిన న్యూట్రల్ డెన్సిటీ ఫిల్టర్ మీద రాసిన అంకె కంటికి కనిపించే వెలుగుకు సంబంధించింది. 2 మైక్రాన్ల దగ్గర అది వేరుగా ఉంటుంది. లోహపు పూత వేసిన ఫిల్టర్లు వెలుగును వెనక్కి తిప్పి జోక్య పట్టీలు పుట్టిస్తాయి. వెలుగును కలిపి చూసే పద్ధతే నమ్మదగింది. ఒక కిరణం ఒంటరిగా, రెండోది ఒంటరిగా, రెండూ కలిపి, రెండూ మూసి, ఇలా నాలుగు కొలతలు. కలిపినది విడివిడిగా వచ్చిన వాటి మొత్తానికి సమానం కావాలి. ఫిల్టర్ విలువ ఏదీ తెలియనక్కర్లేదు.

ఇక్కడ జాగ్రత్త ఒకటుంది. రెండు కిరణాలూ ఒకే లేజర్ నుంచి చీల్చినవైతే అవి తమలో తాము జోక్యం చేసుకుంటాయి. డీఎఫ్‌బీ కాంతి పదుల మీటర్ల దూరం వరకు పొందికగా ఉంటుంది. మొత్తం ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ వచ్చి డిటెక్టర్ మీద లేని నింద పడుతుంది. రెండు వేర్వేరు డయోడ్లు వాడి, ఉష్ణోగ్రతతో వాటి పౌనఃపున్యాలను కొన్ని గిగాహెర్ట్జ్ దూరంగా ఉంచితే ఆ తేడా వల్ల పుట్టే ఊగు (బీటు) 16 మెగాహెర్ట్జ్ ఆంప్లిఫయర్‌కు అందదు. అర మైక్రోవాట్ నుంచి ప్రతిసారీ సుమారు రెట్టింపు చేస్తూ 20 మైక్రోవాట్ల వరకు వెళ్లాం. తేడా 0.1 శాతం లోపే ఉంది. డిజిటైజర్ 14 బిట్లు, సెకనుకు 10 కోట్ల నమూనాలు. 8 బిట్ల స్కోపుతో ఈ పరీక్ష చేయడంలో అర్థం లేదు. దాని ఒక్క మెట్టే 0.4 శాతం.

ఆప్టిక్స్

టెలిస్కోపు 150 మిల్లీమీటర్లు, ఫోకల్ దూరం 750. డిటెక్టర్ 0.3 మిల్లీమీటర్లు కాబట్టి చూపు కోణం 0.4 మిల్లీరేడియన్లు. కిలోమీటరు దూరంలో 40 సెంటీమీటర్ల వృత్తం. లేజర్ విస్తరణ ఇందులో సగానికి మించకూడదు. అల్యూమినియం పూత 2 మైక్రాన్ల దగ్గర బాగానే పనిచేస్తుంది.

పగటి వెలుగు గురించి అనవసరంగా భయపడతారు. 2.05 దగ్గర సూర్యుడి వెలుగు చదరపు మీటరుకు, నానోమీటరుకు 0.1 వాట్ మాత్రమే. 30 శాతం పరావర్తనం ఉన్న నేలను ఈ టెలిస్కోపుతో 10 నానోమీటర్ల ఫిల్టర్ గుండా చూస్తే పడేది 0.2 నానోవాట్. మన నాయిస్ 10 నానోవాట్లు. ఖరీదైన 1 నానోమీటర్ ఫిల్టర్ కొనే అవసరమే లేదు. పైగా సన్నని ఫిల్టర్ ఆన్, ఆఫ్‌లను వేరువేరుగా పంపి కొత్త తప్పు తెస్తుంది.

డిటెక్టర్ కిటికీ మాత్రం పగటి వెలుగు కన్నా పెద్ద సమస్య. 1 మిల్లీమీటర్ సిలికా పలక రెండు ముఖాల మధ్య వెలుగు తిరిగి 104 గిగాహెర్ట్జ్‌కు ఒక పట్టీ పుట్టిస్తుంది. పూత లేని పలకకు, సమాంతర కిరణానికి ఆ పట్టీల లోతు 12 శాతం దాకా ఉంటుంది. మా ఆఫ్ తరంగదైర్ఘ్యం ఆన్‌కు 20 గిగాహెర్ట్జ్ దూరంలో ఉంది. అంటే పట్టీలో అయిదో వంతు. కిటికీ ఉష్ణోగ్రత మారితే పట్టీలు కదులుతాయి, నిష్పత్తి గది వేడితో పాటు ఊగుతుంది. యాంటీ రిఫ్లెక్షన్ పూత ఉన్న కిటికీ అడిగి తెప్పించుకోవాలి. లెన్సులు, ఫిల్టర్లు అన్నిటినీ కొద్దిగా వాల్చాలి. కొనే పలకలు చీలిక ఆకారంలో ఉంటే ఇంకా మంచిది. ఫైబర్ కనెక్టర్లు ఏటవాలుగా కోసిన ఏపీసీ రకమే వాడాలి.

2 మైక్రాన్లు 1.4 దాటిన తరంగదైర్ఘ్యం కాబట్టి రెటీనాను చేరదు. కార్నియాను కాల్చగలదు. అద్దాలు పెట్టుకోవాల్సిందే. కిరణాన్ని వెతకడానికి మొదట ఎర్ర లేజర్‌ను అదే దారిలో పంపి అమర్చుకోవాలి. లెన్సుల ఫోకస్ ఎరుపుకూ 2 మైక్రాన్లకూ ఒకటి కాదు, కాబట్టి చివరి సర్దుబాటు డిటెక్టర్ సిగ్నల్ చూసే చేయాలి.

సెల్ పరీక్ష

సెల్ అంటే గాజు కిటికీలున్న, వాయువు నింపే 30 సెంటీమీటర్ల గొట్టం. వాక్యూమ్ పంపుతో ఖాళీ చేసి, శుద్ధ కార్బన్ డయాక్సైడ్ నింపి, మళ్లీ ఖాళీ చేసి, మళ్లీ వాతావరణ పీడనం వరకు నింపాలి. మొదటిసారి గోడలకు అంటుకున్న నీరు రెండోసారికి చాలావరకు పోతుంది. ఒక వాతావరణ పీడనం దగ్గర గీత నడిమధ్యన ఆప్టికల్ డెప్త్ సుమారు 0.39 రావాలి. అంటే వెలుగులో 32 శాతం తగ్గుదల. పీడనాన్ని మెట్లుగా తగ్గిస్తూ పోతే ఒక విచిత్రం కనిపిస్తుంది. వాయువు సగం చేసినా నడిమధ్య శోషణ పెద్దగా మారదు, ఎందుకంటే గీత కూడా అంతే సన్నబడుతుంది. మారేది రెక్కల దగ్గర. అందుకే పీడనంతో పరీక్షించేటప్పుడు గీత మొత్తాన్ని స్కాన్ చేసి విస్తీర్ణం చూడాలి.

సెల్ బయట దారిని మర్చిపోవద్దు. బెంచ్ మీద కిరణం రెండు మీటర్లు గాలిలో నడుస్తుంది. మనుషులు పనిచేసే మూసిన గదిలో కార్బన్ డయాక్సైడ్ 1000 పీపీఎం చేరడం మామూలే. ఆ రెండు మీటర్ల ఆప్టికల్ డెప్త్ 0.0035. మన బడ్జెట్ మొత్తం! పక్కన నిలబడి ఊపిరి వదిలినా రీడింగు కదులుతుంది. కిరణం దారి మీద యాక్రిలిక్ పెట్టె బిగించి, నైట్రజన్‌ను నిమిషానికి రెండు లీటర్లు వదిలితే సుమారు అరగంటకు గాని స్థిరపడదు. ఖాళీ సెల్‌తో ఆన్, ఆఫ్ నిష్పత్తి గంట సేపు 0.1 శాతం లోపు నిలిచాకే వాయువు నింపడం మొదలుపెట్టాలి.

ఇక ముందు

దగ్గర్లో చేయాల్సింది ఆరుబయట పరీక్ష. మూడు మిల్లీవాట్ల డయోడ్‌ను కిలోమీటరు దూరంలోని గోడ మీదకు పంపితే తిరిగొచ్చేది కొన్ని పికోవాట్లే. కాబట్టి గోడ బదులు 200 మీటర్ల దూరంలో కార్నర్ క్యూబ్ (వెలుగును వచ్చిన దిక్కుకే తిప్పి పంపే అద్దం) పెడుతున్నాం. పోయి రావడానికి 400 మీటర్లు, ఆప్టికల్ డెప్త్ 0.29. అక్కడ 1 పీపీఎం అంటే 0.07 శాతమే కాబట్టి, ఈ పరీక్షలో 5 పీపీఎం వరకు మాత్రమే చూడగలం. పక్కనే మామూలు ఇన్‌ఫ్రారెడ్ గ్యాస్ ఎనలైజర్, పీడనం, ఉష్ణోగ్రత, తేమ మీటర్లు ఉండాలి.

ధూళి నుంచి వచ్చే నానోవాట్ల కోసం మెర్క్యురీ కాడ్మియం టెల్యురైడ్ అవలాంచ్ ఫోటోడయోడ్ (లోపలే ఎలక్ట్రాన్లను గుణించే డిటెక్టర్) కావాలి. నాసా గొడ్డార్డ్ తన 1.57 మైక్రాన్ల విమాన లైడార్‌లో వాడింది ఈ జాతిదే. ఇందులో ఎలక్ట్రాన్లు మాత్రమే గుణించుకుంటాయి, అందువల్ల గుణించడం వల్ల చేరే అదనపు నాయిస్ దాదాపు ఉండదు. గెయిన్ వంద ఉంటే పైన లెక్కేసిన 3.8 పికోఆంపియర్ల ఆంప్లిఫయర్ నాయిస్ వందో వంతుకు తగ్గినట్టే. బదులుగా 80 కెల్విన్ల చల్లదనం, బయటి వేడి చేరనివ్వని వాక్యూమ్ పాత్ర (డెవార్), లోపలే చల్లటి ఫిల్టర్ కావాలి. ఫిల్టర్ చల్లగా లేకపోతే 4 మైక్రాన్లు దాటి చూడగల ఆ పదార్థం గది గోడల వేడినే సిగ్నల్‌గా చూస్తుంది. మాకు అంతకన్నా ఆందోళన కలిగించేది బయాస్. గెయిన్ వోల్టేజితో ఘాతంగా పెరుగుతుంది. 10 వోల్టులకు గెయిన్ 100 అయ్యే డిటెక్టర్ అనుకుంటే, ఆన్ పల్సుకూ ఆఫ్ పల్సుకూ మధ్య బయాస్ 8 మిల్లీవోల్టులు కదిలితే చాలు, 0.35 శాతం అక్కడే ఖర్చవుతుంది. లాంగ్లీ తరహా జంట పల్సుల మధ్య ఎడం 150 మైక్రోసెకన్లు. మొదటి పల్సు, దాని దగ్గరి మెరుపు లాగిన కరెంట్ నుంచి ఆ సమయంలో బయాస్ సప్లై 1 మిల్లీవోల్టు లోపుకు తేరుకోవాలి. ముందు ఆ సప్లైని కట్టి, డిటెక్టర్ బదులు రెసిస్టర్, స్విచ్ పెట్టి పరీక్షిస్తున్నాం. అది కుదిరాకే డెవార్‌కు ఆర్డర్ పెడతాం.